పైపు గ్యాసు వచ్చిందా? జెట్టు సంగతి అడిగారా?

గ్యాసు స్టౌ కొనడానికి వెళ్ళామనుకోండి, మనం ఏమేం చూస్తాం? బర్నర్లు రెండా, మూడా? పైన అద్దమా, స్టీలా? తుడుచుకోవడానికి వీలుగా ఉందా? చిన్న గిన్నె పెడితే కదలకుండా నిలుస్తుందా? ఐఎస్ఐ ముద్ర ఉందా? ఇంతవరకూ చూసినవాళ్ళు గడుసువాళ్ళ కిందే లెక్క. కానీ మంట ఎంత రావాలో తేల్చే వస్తువు మాత్రం పైకి కనబడదు. బర్నరెత్తి దాని కిందున్న గొట్టం పక్కకి తీస్తే, చిటికెనవేలి గోరంత ఇత్తడి మర ఒకటి బిగించి ఉంటుంది. దాని నడినెత్తిన సూదిమొన పట్టేంత కన్నం. మెకానిక్కులు దాన్నే జెట్టంటారు. పొద్దున్నే పాలు పొంగేదీ, మధ్యాహ్నం పప్పుడికేదీ ఆ కన్నం చలవే.

ఇన్నాళ్ళూ దాని ఊసు మనకి అక్కర్లేకపోయింది. ఊరందరిదీ ఒకటే గ్యాసు, సిలిండరు గ్యాసు. కాకినాడలో కొన్న స్టౌ రాజోలులో పెట్టుకున్నా అలాగే మండేది. ఇప్పుడలా కాదు. కాకినాడలో భాగ్యనగర్ గ్యాస్, ఉభయ గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ అని కంపెనీలు వచ్చి, వీధుల్లో పైపులు వేసి, ఇళ్ళకి సహజవాయువు ఇస్తున్నాయి. మన డెల్టా నేలలోంచి ఓఎన్‌జీసీ వాళ్ళు పైకి తీసేదీ ఈ సహజవాయువునే. అయితే పైపు అన్ని వీధులకీ రాలేదు, అన్ని పల్లెలకీ రాలేదు. ఒక వీధిలో పైపు, పక్క వీధిలో బండ. తిరకాసంతా ఇక్కడే ఉంది.

కనెక్షనిచ్చేటప్పుడు కంపెనీ కుర్రాడు వస్తాడు. పైపు బిగిస్తాడు, మీటరు చూపిస్తాడు, బర్నర్లు ఊడదీసి ఏవో రెండు చిన్న మరలు తీసి వేరేవి పెడతాడు. పాతవి గట్టు మీద పెట్టి ‘ఉంచుకోండమ్మా’ అని వెళ్ళిపోతాడు. మనం వాటిని ఏ పోపులపెట్టె వెనకో పడేస్తాం. ఆర్నెల్లు పోయాక చెత్తతోపాటు అవీ పోతాయి. అవి ఎందుకు మార్చాడని అడిగేవాళ్ళు నూటికొకరుంటే గొప్ప.

‘రెండూ గ్యాసే కదా, ఒకటి బండలోంచి వస్తుంది, ఒకటి గొట్టంలోంచి వస్తుంది’ అనుకుంటాం. కాదు. బండలో ఉండేది ప్రొపేను, బ్యూటేను కలిసిన వాయువు. దాన్ని ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. పైపులో వచ్చేది చాలావరకూ మీథేను. ఒక లీటరు బండ గ్యాసు మండితే ఎంత వేడి పుడుతుందో, అంత వేడి కావాలంటే పైపు గ్యాసు సుమారు రెండున్నర నుంచి మూడు లీటర్లు మండాలి. అంతమాత్రాన పైపు గ్యాసు నీళ్ళు కలిపిన పాలలాంటిదని అనుకోకండి. గేదెపాలు వేరు, ఆవుపాలు వేరు, అంతే.

ఒత్తిడిలో కూడా తేడా ఉంది. బండ మీది రెగ్యులేటరు గ్యాసుని సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడితో స్టౌకి పంపిస్తుంది. పైపు గ్యాసు మన వంటింట్లోకి వచ్చేసరికి 21 మిల్లీబార్లే. అంటే వేడి తక్కువ, తోసుకొచ్చే బలమూ తక్కువ. మరి అదే కన్నంలోంచి వదిలితే మంట సగానికి పడిపోదూ? అందుకే పెద్ద కన్నమున్న జెట్టు.

ఎంత పెద్దది? వేడి మూడోవంతుంది కాబట్టి కన్నం మూడింతలుండాలని అనిపిస్తుంది. అదీ కాదు. మీథేను గాలికన్నా తేలిక, అదే కన్నంలోంచి ఇంకా చురుగ్గా దూసుకొస్తుంది. వేడి, బరువు, ఒత్తిడి ఈ మూడూ కలిపి లెక్కవేస్తే కన్నం వైశాల్యం దాదాపు రెట్టింపు కావాలని తేలుతుంది. అడ్డుకొలతలో చెప్పాలంటే సుమారు 1.4 రెట్లు. ఒక బర్నరుకి బండ గ్యాసు జెట్టు 0.70 మిల్లీమీటర్లుంటే, పైపు గ్యాసుకి ఇంచుమించు 1 మిల్లీమీటరు. తేడా ఎంత? మూడు నాలుగు తలవెంట్రుకల మందం! ఇది లెక్క అర్థం కావడానికి చెప్పిన అంకె మాత్రమే సుమండీ. మీ స్టౌకి ఏ సైజన్నది స్టౌ చేసిన కంపెనీయే చెప్పాలి. పెద్ద బర్నరుకొకటి, చిన్న బర్నరుకొకటి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు ఒకదానిది ఇంకోదానికి బిగించే మెకానిక్కులూ లేకపోలేదు. చాలా జెట్ల మీద సన్నటి అంకె చెక్కి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కనబడుతుంది.

ఇంతకీ ఈ లెక్కలతో ఆడవాళ్ళకేం పని అంటారేమో. నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో జరిగింది చెబుతాను. వాళ్ళది రాజమండ్రి. పైపు గ్యాసు వచ్చింది, రెండు బర్నర్ల స్టౌకి జెట్లు మార్చారు, ఏడాది హాయిగా గడిచింది. తర్వాత మూడు బర్నర్ల అద్దం స్టౌ కొనుక్కుని, పాతది పనిమనిషికి ఇచ్చేసింది. మంచి పనే కదా! ఆ అమ్మాయిది ఊరికి దూరంగా పల్లె, అక్కడ బండే గతి. పది రోజులు పోయాక వచ్చి, ‘అమ్మగారూ, మీ పొయ్యి భలే మంటండి. కాకపోతే గిన్నెలన్నీ కర్రల పొయ్యి మీద పెట్టినట్టు మసెక్కిపోతన్నాయండి’ అంది. ‘బర్నర్లు బాగా తోముకోవే’ అంది ఈవిడ. తోమింది, మసి పోలేదు. నెలన్నర రావలసిన బండ మూడు వారాలకే అయిపోయింది. పైగా వంట చేసినంతసేపూ తలనొప్పి. వానలకి కిటికీ మూసుకుని వండుతోందట. చివరికి బండ తెచ్చిన కుర్రాడు మంట చూసి, ‘ఇది పైపు గ్యాసు జెట్టు, ముందు ఆపెయ్యండి’ అన్నాడు.

ఏం జరిగిందో చూశారా? పెద్ద కన్నంలోంచి చిక్కటి గ్యాసు వదిలారు. గ్యాసు దాదాపు రెట్టింపు వచ్చింది. అది పూర్తిగా మండాలంటే గాలి కూడా అంతా రావాలి. ఒక లీటరు మీథేను మండడానికి సుమారు పది లీటర్ల గాలి చాలు. బండ గ్యాసుకైతే పాతిక నుంచి ముప్పై లీటర్లు కావాలి. బర్నరు గొట్టం అంత గాలి ఎక్కణ్ణించి పీలుస్తుంది? గాలి చాలక సగం మండిన గ్యాసు మసిగా గిన్నెకి అంటుకుంది. ఇంకొంత కార్బన్ మోనాక్సైడుగా గదిలోకి వచ్చింది. మసి కనబడుతుంది కనక తిట్టుకుంటాం. ఇది కనబడదు, వాసనుండదు. తలనొప్పి, వికారం, మగత. మూసిన గదిలో ఎక్కువైతే ప్రాణమే పోతుంది. మనమేమో ‘ఎండన పడ్డాను, పైత్యం చేసింది’ అని నిమ్మరసం తాగి పడుకుంటాం.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. జెట్లు మార్చకుండా పైపు గ్యాసుకి తగిలిస్తే మంట బుడ్డిదీపంలా ఉంటుంది. ప్రమాదం తక్కువే గాని ఓపిక ఎక్కువ కావాలి. అప్పుడు మనమేం చేస్తాం? వీధి చివరి మెకానిక్కుని పిలిచి, ‘బాబూ, కొంచెం మంట పెరిగేలా చూడు’ అంటాం. అతను సన్న డ్రిల్లు తీసి జెట్టు కన్నాన్ని ఓ తిప్పు తిప్పుతాడు. మంట పెరుగుతుంది, ఇద్దరికీ సంతోషం. నాకైతే ఈ సంతోషమంటేనే భయం. కన్నం గుండ్రంగా, నున్నగా, సరైన కొలతకి ఉంటేనే గ్యాసు తిన్నగా గొట్టంలోకి వెళ్ళి తనకి కావలసిన గాలిని వెంట లాక్కుపోతుంది. చెయ్యి తిరిగినంత తిప్పిన కన్నానికి కొలతెక్కడిది? మంట చాలకపోతే సరైన జెట్టు వేయించుకోవాలి, లేదా పైపు గ్యాసుకనే చేసిన స్టౌ కొనుక్కోవాలి.

ఈ కన్నం పెద్దదయ్యే పని మన చేతులతో కూడా జరుగుతుంది. కిరసనాయిలు పంపు స్టౌల రోజుల్లో ప్రతి ఇంట్లోనూ రేకుపిడికి గుచ్చిన పిన్ను ఉండేది, గుర్తుందా? మంట తగ్గితే దాంతో ఓ పోటు పొడిచేవారు. ఆ అలవాటు ఇంకా మన వేళ్ళలోంచి పోలేదు. గ్యాసు జెట్టుకి పాలు పొంగి అడ్డుపడితే పిన్నీసు వెతుక్కుంటాం. ఇత్తడి మెత్తటి లోహం. ఉక్కు పిన్నీసుతో పదిసార్లు తిప్పితే కన్నం సాగి అంచులు కోలగా అవుతాయి. బర్నరు మూత కన్నాలు మీరు శుభ్రం చేసుకోండి, ఎవరూ కాదనరు. జెట్టు మాత్రం తెలిసినవాడు తియ్యాలి, పాడైతే మార్చాలి.

మా పిన్నికొడుక్కి కార్ల పందాల పిచ్చి. వాడితో ఈ మాటంటే ఎగిరి గంతేశాడు. ‘అక్కా, మా నైట్రసు కథా ఇదే’ అన్నాడు. పందెం కార్లలో ఇంజనుకి ఉన్నట్టుండి బలం రావడానికి నైట్రస్ ఆక్సైడు పంపుతారట. ఆపరేషను గదుల్లో మత్తివ్వడానికి వాడే, నవ్వించే వాయువని పేరున్న గ్యాసే అది. ఇంజను వేడికి విడిపోయి ఆక్సిజనిస్తుంది, అప్పుడు ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. దానికి జెట్లు జంటగా ఉంటాయి. ఒకటి నైట్రసుకి, ఇంకోటి అదనపు పెట్రోలుకి. బలం కావాలని నైట్రసు జెట్టొక్కటీ పెద్దది చేసి పెట్రోలు జెట్టు చిన్నది ఉంచారో, లోపల వేడి మితిమీరి పిస్టన్లే కరిగిపోతాయట. అక్కడ ఇంధనం తక్కువైతే ముప్పు, మన వంటింట్లో గాలి తక్కువైతే ముప్పు. వాడి ఇంజను పోతే వాడి డబ్బు పోతుంది. మన స్టౌ ముందు నిలబడేది మనుషులు.

జెట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మనకి కొలబద్ద అక్కర్లేదు, కళ్ళు చాలు. రాత్రి వంటింట్లో లైటు తీసేసి స్టౌ వెలిగించి చూడండి. మంట నీలంగా, లోపల ఇంకో చిన్న నీలపు మొన స్పష్టంగా, కదలకుండా ఉంటే మంచిది. పసుపు నాలుకలు లేస్తుంటే గాలి చాలడం లేదు. మంట బర్నరుని వదిలి పైకెగిరి బుస్సుమంటుంటే గాలి ఎక్కువైంది. టప్‌మని లోపలికి పోయి కింద జెట్టు దగ్గర మండుతుంటే వెంటనే ఆపేసి మెకానిక్కుని పిలవాలి. కొన్ని స్టౌలకి గొట్టం మొదట్లో గాలి సర్దే చిన్న రేకు ఉంటుంది. జెట్టు మార్చినవాడు దాన్ని కూడా సర్ది వెళ్ళాలి. చాలామంది సర్దరు.

ఇంకో పరీక్ష మన గోదావరి వాళ్ళది, దిబ్బరొట్టి. మూకుడులో మినప్పిండి రెండంగుళాల మందాన పోసి మూతపెట్టి సిమ్‌లో ఉంచితే, అడుగు ఎర్రగా కాలి లోపల దూదిలా ఉడకాలి. కొత్త జెట్టు పెట్టాక అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటే సిమ్ మంట కూడా సర్దాలన్నమాట. నాబ్‌లో దానికి వేరే చిన్న మర ఉంటుంది. అదీ అడగాలి.

పైపు గ్యాసంటేనే హడలిపోయేవాళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపు పగిలి ఊరి మీద గ్యాసు కమ్మి నిప్పంటుకుంటే 20 మందికి పైగా చనిపోయారు. అది మరిచిపోయేది కాదు. అయితే అవి బావులూ, పెద్ద లైన్లూ. వాటిలో ఒత్తిడి మన వంటింటి గొట్టంలో ఉన్నదానికి కొన్ని వందల రెట్లకి పైమాటే. మనింట్లోకి వచ్చే 21 మిల్లీబార్లంటే, జానెడు లోతు నీళ్ళు గిన్నె అడుగుని ఎంత నొక్కుతాయో అంత. బండ గ్యాసు బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. పైపు గ్యాసు తేలిక, పైకి పోతుంది. అందుకని పైపు గ్యాసున్న వంటింట్లో పైన వెంటిలేటరు తెరిచి ఉంచాలి. దోమలొస్తాయని అట్టముక్క అడ్డుపెట్టకండి. వాసనొస్తే ఏ గ్యాసైనా ఒకటే. స్విచ్చి ముట్టుకోకూడదు, వాల్వు కట్టేసి తలుపులు తెరిచి బయటికి రావాలి. బండైతే 1906కి ఫోను చెయ్యండి. పైపైతే బిల్లు మీద కంపెనీ అత్యవసర నంబరుంటుంది, అది గోడ మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

ఇహ జెట్లు మార్చడానికి వచ్చిన కుర్రాణ్ణి ఊరికే పంపకండి. ‘ఏ బర్నరుకి ఏ అంకె జెట్టు పెట్టావు బాబూ? గాలి రేకు సర్దావా? సిమ్ చూశావా?’ అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మంచినీళ్ళిచ్చి మళ్ళీ అడగండి. పాత జెట్లు ఖాళీ ఇంగువ డబ్బాలో వేసి, పైన ‘బండ గ్యాసు జెట్లు’ అని రాసి దాచండి. ఇల్లు మారినా, మగవారికి ట్రాన్స్‌ఫరైనా, స్టౌ అమ్మాయితో అత్తారింటికి వెళ్ళినా, పనిమనిషికిచ్చినా ఆ డబ్బా కూడా దాంతో వెళ్ళాలి. స్టౌ అడుగున ఒక తెల్ల ప్లాస్టరుముక్క అంటించి ‘ఇందులో ఉన్నవి పైపు గ్యాసు జెట్లు, బండకి పెట్టవద్దు’ అని బాల్‌పెన్నుతో రాసిపెట్టండి. బాల్‌పెన్ను రాత నూనెచేతికి చెరిగిపోతుంది, అప్పుడప్పుడు మళ్ళీ దిద్దుతూ ఉండాలి.