ఆకలికీ ఓ టైంటేబుల్ ఉంది

సిటీలో చిన్నపిల్లల ఆకలి అనగానే మనందరికీ తట్టే ఐడియా ఒకటే. ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం తెచ్చి పంచేద్దాం! మంచి ఐడియానే, కాదనను. ఢిల్లీలో 2014లో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా ఇలా మిగిలిన భోజనంతోనే ఎన్నో ఊళ్ళకి పాకింది. కానీ రెండేళ్ళుగా మా కాలేజీ వెనక బస్తీకి వెళ్తున్న బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి కాబట్టి, పిల్లల విషయంలో అది ఎందుకు చాలదో నాకు అర్థమైనంత చెప్తాను.

పెళ్ళి భోజనాలు అయ్యి మనకు ఫోన్ వచ్చేసరికి రాత్రి పదిన్నర. గిన్నెలు సర్ది, ఆటో మాట్లాడి, బస్తీ చేరేసరికి పదకొండున్నర. పిల్లలు అప్పటికే నిద్రపోతుంటారు. ఇంకో సంగతి, బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచాలి. మిగులు ఆహారం పంచేవాళ్ళ కోసమే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో వేరే నిబంధనలు పెట్టింది. మనకైతే ఒక పూట కడుపునొప్పితో పోతుంది. రెండేళ్ళ పిల్లకి విరేచనాలు పట్టుకుంటే తిన్నదంతా పోయి, ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా పోతాయి.

అసలు పిల్లకి ఎప్పుడు ఆకలేస్తుంది? మధ్యాహ్నం సంగతి సర్కారు బడి చూసుకుంటుంది. ప్రైమరీ పిల్లలకి మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలని రూలు. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లకి రోజుకు సుమారు 1,700 కేలరీలు కావాలి. అంటే మిగతా 1,250 ఇంట్లోంచి రావాలి. బస్తీలో ఆ ఇల్లు పొద్దున్నే తాళం వేసి ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చిన ఒక అక్కని అడిగితే, "పొద్దుగాల వండుడెక్కడిది తమ్మీ, ఆరు గొట్టంగనే అడ్డ మీద నిలబడాలె" అంది. కాబట్టి రాత్రి తిన్న పిల్ల మళ్ళీ తినేది మధ్యాహ్నం బడి గంట కొట్టాకే. ఫస్ట్ అవర్ క్లాసు ఖాళీ కడుపుతో వినడం ఎలా ఉంటుందో మనకూ తెలుసు. (మన మెస్ ఇడ్లీ చూసి మనం మానేస్తాం, అది వేరే వ్యాసం.)

2013 ఆహార భద్రత చట్టం బడి భోజనం హక్కు అంది, బాగుంది. కానీ అదే వాక్యంలో "సెలవు రోజులు తప్ప" అనీ ఉంది. ఆదివారాలు, పండగలు, వాటన్నిటినీ మించి వేసవి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడి పొయ్యి వెలగదు. మనకు సెలవులంటే సరదా. ఆ పిల్లలకి ఉన్న ఒక్క గ్యారంటీ భోజనం ఆగిపోయే కాలం అది.

ఇక అసలు ఏ లెక్కలోనూ లేని పిల్లలు. వాళ్ళ సంగతే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కన్‌స్ట్రక్షన్ పని కోసం అమ్మానాన్నలతో వచ్చిన పిల్లకి ఇక్కడి బడిలో పేరు ఉండదు. పేరు లేకపోతే పళ్ళెం లేదు. మూడేళ్ళ లోపు వాళ్ళకి అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి అక్కడే వండి పెడతారు. రెండు వీధుల అవతల సెంటర్ ఉందని తల్లికి తెలియకపోతే అదీ లేదు. మేం ఒక శనివారమంతా షెడ్లన్నీ తిరిగి పిల్లల పేర్లు, వయసులు ఒక నోట్‌బుక్‌లో రాసి అంగన్‌వాడీ టీచరమ్మకి ఇచ్చాం. ఆవిడ పదకొండు మందిని చేర్చుకుంది. నా మట్టుకు నాకు, మేం పంచిన అన్ని బిర్యానీ ప్యాకెట్లకంటే ఆ నోట్‌బుక్కే పెద్ద పని.

ఇలా ఊరివాళ్ళు ముందు పొయ్యి వెలిగిస్తే సర్కారు తర్వాత అందుకోవడం కొత్తేమీ కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లకి రోజుకు ఒక అణా మించకుండా భోజనం పెట్టాలని తీర్మానించింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. మనవాళ్ళు చీరలు కొనడానికి వెళ్ళే టి.నగర్‌కి ఆయన పేరే పెట్టారు. ఆంగ్ల ప్రభుత్వం ఆ ఖర్చుకు ఒప్పుకోక కొన్నేళ్ళకే అది ఆగింది. కానీ ఆలోచన చావలేదు, 1950ల్లో కామరాజ్ హయాంలో రాష్ట్రమంతా తిరిగొచ్చింది. అమెరికాలో ఓక్‌లాండ్ నగరంలో 1969 జనవరిలో బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్ళు ఒక చర్చిలో బడికెళ్ళే పిల్లలకి పొద్దున టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. దుకాణాలు తిరిగి సరుకులు అడిగి తెచ్చేవారు. ఎఫ్‌బీఐ దాన్ని ఆపాలని చాలానే చూసింది, అయినా ఇతర నగరాలకి పాకింది. అక్కడి ప్రభుత్వం అప్పటికి ప్రయోగంగా నడుపుతున్న బడి టిఫిన్ పథకాన్ని 1975లో శాశ్వతం చేసింది. ఇద్దరూ వాళ్ళకి వీలైన టైమ్ చూసుకోలేదు, పిల్లకి ఆకలేసే టైమ్ చూశారు.

మేం ఇప్పుడు చేస్తున్నది చిన్నదే. ఆదివారం పొద్దున ఎనిమిదికి నలభై మంది పిల్లలకి ఉడికించిన గుడ్డు, శనగ గుడాలు, అరటిపండు. అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. బస్తీలోనే ఒక పెద్దమ్మ వండుతుంది, ఆమె కూలీ కూడా అందులోనే. గుడాలు రాత్రే నానబెట్టుకుంటే సరి, పాడవుతాయన్న భయం తక్కువ. మొదట్లో పిల్లలు "అన్నా, బిర్యానీ లేదా?" అని మొహం ముడిచేవాళ్ళు. ఇప్పుడు రెండో గుడ్డు అడుగుతున్నారు.

ఈ వేసవిలో ఏడు వారాలూ రోజూ పెట్టాలని ప్లాన్. డబ్బులు ఎలాగో పోగవుతున్నాయి, మనుషులే తక్కువ. హాస్టల్ ఖాళీ అయ్యాక సిటీలోనే ఉండే డే స్కాలర్లు కావాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, వారానికి రెండు రోజులు చాలు. బండి ఉన్నవాళ్ళు ఇద్దరు, లెక్క రాయడానికి ఒకరు. సెమ్ ఎగ్జామ్స్ అయిపోయేలోపు క్లబ్ రూమ్ బోర్డు మీద పేరు రాసిపెట్టండి.