తమంతట కూడుకొను యంత్రములు

ఎండు తెగులునకు జడిసి వంగ మొక్కపై టొమాటోను అంటుకట్టిన రైతు సోదరులకు తెలియును: కోత వద్ద కణములు ఎవరి ఆజ్ఞయు లేకయే పెరిగి, రెండు మొక్కల నాళములను కలుపును.

ఈ విద్యనే యంత్రములకు నేర్పుచున్నారు. 2014లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున రాధికా నాగ్‌పాల్ బృందము 1024 'కిలోబాట్' రోబోలను బల్లపై వదలెను. ఒక్కొక్కటి సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు. చక్రములు లేవు, వణకుచు జరుగును. కట్టవలసిన ఆకారము ముందే తెలిపిరి గాని మేస్త్రీ లేడు. ప్రతిదియు ప్రక్కదానితో పరారుణ కాంతి ద్వారా సంకేతములు మార్చుకొని, సుమారు 12 గంటలలో నక్షత్రముగా కూడుకొనెను.

ఇవి మదనపల్లెలో టొమాటోలు కోయునా? కోయలేవు, పండును పట్టుటకు వాటికి చేయియే లేదు. నున్నని బల్ల దిగి మన దుక్కిలో కదలనుగూడ లేవు. వీటిని నమ్మి కోతకూలీల ఏర్పాటు మానరాదు. అంటు నారును మాత్రము మొదటి వారము నీడలో, తేమగా ఉంచవలెను; ఆ కణములు పని చేయునది అప్పుడే.