కనుమ కోడి - మూడు రోజుల వంట

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకోరాదని పెద్దల మాట. కనుమ శుక్రవారం వచ్చిందనుకోండి. శనివారం ముక్కనుమ, ఆ మర్నాడు ఆదివారం. ఇక మూడు రోజులూ ఇంటినిండా చుట్టాలే. మాంసం తినే ఇళ్ళలో కొందరు కనుమనాడు, కొందరు ముక్కనుమనాడు కోడికూర వండుతారు. కనుమనాడు మినుము తినాలని సామెత ఉంది గనక గారెలు ఎలాగూ ఉంటాయి. అయితే పదిమంది ఉన్న ఇంట్లో మొదటిరోజు కూరనే మూడు రోజులూ వడ్డిస్తే ఎవరూ ముట్టరు. రోజుకొక కొత్త వంట చెయ్యాలంటే అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేవలేదు.

పిల్లలూ, ఈసారి మీరూ వంటింట్లోకి వెళ్ళి సాయం చెయ్యండి. చేస్తూ ఒక సంగతి గమనించండి. కోడి ఒకటే అయినా దాని ముక్కలన్నీ ఒకేలా ఉడకవు. ఏ ముక్కకు ఎంత సెగ, ఎంతసేపు కావాలో తెలిస్తే, ఒక నాటుకోడి, ఒక ఫారం కోడితో మూడు రోజులకు మూడు వంటలు అవుతాయి.

ముందు నాటుకోడి. ఇది దొడ్లో తిరిగి, గింజలూ పురుగులూ ఏరుకు తిని, ఆరునెలలకో ఇంకా ఆలస్యంగానో కూరకు వస్తుంది. ఫారం కోడి ఆరువారాలకే వచ్చేస్తుంది. కండలను పట్టి ఉంచటానికి కొల్లాజెన్ అనే గట్టి నారలాంటి పదార్థం ఉంటుంది. కోడి వయసు పెరిగినకొద్దీ ఆ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి బిగుసుకుంటాయి. నాటుకోడి పళ్ళకు పని చెప్పేది అందుకే. కాని నీళ్ళలో చాలాసేపు సన్నగా ఉడికిస్తే ఆ కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. అప్పుడు ముక్క మెత్తబడుతుంది, పులుసు చిక్కబడుతుంది. వేళ్ళకు బంకలాగా అంటుకునేది ఈ జెలటినే.

కుండలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. ఆపైన ఎంత మంట పెట్టినా నీరు ఆవిరవుతుందే గాని వేడి పెరగదు. ఆవిరిని బయటికి పోనివ్వకపోతే? ఈ ప్రశ్న వేసుకున్నవాడు డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో ఆయన లండనులో ఒక బిగుతుమూత పాత్ర చూపించాడు. అందులో ఎముకలు సైతం మెత్తబడ్డాయి. పాత్ర పేలిపోకుండా మిగులు ఆవిరి పోవటానికి ఒక కవాటం కూడా అమర్చాడు. మన కుక్కరుకు అది ముత్తాత. కుక్కరులో వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది గనక, కుండలో గంటకు పైగా పట్టే నాటుకోడి అరగంటలోపే ఉడుకుతుంది. (మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయిముక్క వేస్తారు చూశారా, అందులో పపెయిన్ అనే పదార్థం ఉంది. దానికీ పాపిన్ గారికీ ఏ చుట్టరికమూ లేదు!)

శుక్రవారం వంట నాటుకోడి పులుసు. ఉల్లిపాయలు నూనెలో ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, పసుపు, కారం, ముక్కలు వేసి, నీరు ఇగిరేదాకా కలియబెట్టి, తరవాత నీళ్ళు పోసి మూత పెడతారు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, దాల్చినచెక్క నూరిన ముద్ద చివర్లో పడుతుంది. ముందే వేస్తే మసాలా సువాసన ఆవిరితోపాటు పోతుంది. వీధి చివర ఉన్నవాళ్ళకు మీ ఇంటి కూర తెలుస్తుంది గాని, మీ కంచంలో వాసన తగ్గుతుంది. కందనకాయను ముక్కలతోపాటే వెయ్యాలి. రోజంతా గింజలు విసిరే తిరగలి అది, కనక ఎంతసేపు ఉడికినా ఓర్చుకుంటుంది. కార్జానికి మాత్రం కొద్ది నిమిషాలు చాలు.

ఇక కడుపునొప్పి సంగతి. ఇది కొంచెం నిదానంగా చదవండి, పెద్దలకు కూడా చదివి వినిపించండి.

పచ్చికోడిమీద సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవులు ఉండవచ్చు. ముక్క నడిమధ్య 74 డిగ్రీలు చేరితే అవి చస్తాయి. బాగా మరిగిన పులుసులో వాటి భయం లేదు. భయమల్లా వండకముందే. ధారగా పడే కుళాయి కింద మాంసం కడిగితే తుంపరలు చుట్టూ ఉన్న గిన్నెలమీదా, కూరగాయలమీదా పడతాయి. అసలు కడగనక్కరలేదు, ఉడకటమే చాలునని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ మాట మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు! కడిగి తీరాలంటే గిన్నెలో నీళ్ళు తీసుకుని నెమ్మదిగా కడగండి. ఆ కత్తీ, పీటా, చేతులూ సబ్బుతో కడుక్కున్నాకనే దోసకాయ తరగండి.

రెండో భయం వండిన తరవాత. కూర గిన్నె రాత్రంతా పొయ్యిమీదే వదిలేస్తారు కొందరు. మరిగినా చావని గట్టి విత్తుల వంటి రూపంలో కొన్ని సూక్ష్మజీవులు మిగులుతాయి. గరిటెనుంచీ, చేతులనుంచీ మరికొన్ని వచ్చి చేరతాయి. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకొకసారి రెట్టింపు అవుతాయి. ఒక్కటే ఉందనుకుని లెక్క వెయ్యండి. గంటకు మూడు మార్లు, ఏడు గంటలకు 21 మార్లు. మొత్తం 20,97,152! తెల్లవారి మరగబెడితే సరిపోదా అంటారేమో. సూక్ష్మజీవులు చచ్చినా, వాటిలో కొన్ని వదిలిన విషం మరగబెట్టినా పోదు. కనక వండిన రెండుగంటల్లోపల మిగిలిన కూరను చిన్న చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నె నడుమ వేడి చాలాసేపు ఉండిపోతుంది. ఫ్రిజ్ కూడా వాటిని చంపదు, నెమ్మదింపజేస్తుంది. అందుకే కావలసినంత మాత్రమే తీసి, బుడబుడ మరిగించి తినాలి.

శనివారం ఫారం కోడి వంతు. దాని రొమ్ముముక్కలు తెల్లగా, తొడముక్కలు కొంచెం ఎర్రగా ఉంటాయి. కోడి రోజంతా నడుస్తుంది గనక కాళ్ళ కండలకు ప్రాణవాయువు నిలవ ఉండాలి. దాన్ని నిలవ చేసేది మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం. ఎగరటం కోడికి ఎప్పుడో ఒకసారి, గోడ ఎక్కటానికి. దూరాలు ఎగిరే అడవిబాతులకు రొమ్ము మాంసం కూడా ఎర్రగానే ఉంటుంది.

రొమ్ములో కొల్లాజెన్ తక్కువ. ఎక్కువసేపు ఉడికిస్తే దానిలోని మాంసకృత్తులు ముడుచుకుని నీరంతా పిండేస్తాయి, ముక్క పిప్పి అవుతుంది. దానికి తగినది వేపుడు. ముందురాత్రే పెరుగు, ఉప్పు, పసుపు, కారం పట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి. పెరుగులోని పులుపు ముక్కను కొంచెం వదులు చేస్తుంది. మర్నాడు వెడల్పాటి మూకుడులో కొద్దికొద్దిగా వేయించాలి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి, ముక్కలు వేగటానికి బదులు ఉడుకుతాయి. నీరు ఇంకి సుమారు 140 డిగ్రీలు దాటితేనే ఆ గోధుమరంగూ, ఆ కమ్మని వాసనా వస్తాయి. మాంసకృత్తుల్లోని భాగాలూ చక్కెరలూ కలిసి జరిపే ఈ మార్పును 1912లో లూయీ కమిల్ మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరించాడు. చివర కరివేపాకు, మిరియాలపొడి. పక్కన పప్పుచారు ఉంటే నాకు వేరే కూర అక్కరలేదు.

తొడముక్కలను ఆదివారందాకా పచ్చిగా ఉంచకండి. వీపు, మెడ, కాళ్ళతో కలిపి శనివారం సాయంత్రమే అల్లం, ఉప్పు వేసి సన్నగా ఉడికించి, వడగట్టి, మాంసాన్నీ రసాన్నీ విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉడికిన ఎముకలు కుక్కకు వెయ్యకండి, అవి వాడిగా చీలి గొంతులో గుచ్చుకుంటాయి. ఆదివారం ఆ రసం మీద తేలిన కొవ్వుతో ఉల్లిపాయలు వేయించి, నీళ్ళకు బదులు రసం పోసి పలావు చేస్తే, రెండురోజులుగా వండినవాళ్ళకు ఆ పూట పని సగం తగ్గుతుంది.

ఎముకలు ఉడికించేరోజే ఒక చిన్న ప్రయోగం చెయ్యవచ్చు. ఒక గిన్నెలో రెండు రొమ్ముముక్కలు, ఇంకొక గిన్నెలో కోడికాళ్ళు, రెండింట్లోనూ సమానంగా నీళ్ళు పోసి గంటసేపు సన్నని సెగమీద ఉడికించమని పెద్దవాళ్ళనడగండి. ఆ నీళ్ళు రెండు కప్పుల్లోకి వడగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లవారి రెండు కప్పులూ వంచి చూడండి. ఏది ఒలుకుతుంది, ఏది కదలకుండా నిలుస్తుంది? ఎందుకో ఇంట్లోవాళ్ళకు మీరే చెప్పండి.