సోయా బేరంలో అడవి లెక్క

బ్రెజిల్ సోయా సంగతి వచ్చినప్పుడు పంట దిగుబడి, డాలరు మారకం, ఓడ కిరాయి చూసుకోవడం వర్తకులకు పరిపాటి. ఆ దేశపు అటవీ తనిఖీ ఎంత గట్టిగా సాగుతున్నదో కూడా చూడవలసిన రోజులు వచ్చాయి. మన సోయా నూనె దిగుమతులు ముఖ్యంగా అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచే గనుక ఇది మన బజారుకు సంబంధించిన విషయమే.

బ్రెజిల్ వెలువరించే కర్బన వాయువుల్లో పెద్ద వాటా ఫ్యాక్టరీలది కాదు, అడవుల నరికివేతది. అందుచేత పాలన బిగిస్తే వాయువులు తగ్గుతాయి, సడలితే పెరుగుతాయి.

అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012లో పోయినది 4,571 మాత్రమే. నరికివేత జాడను ఉపగ్రహాలు వెనువెంటనే తనిఖీ అధికారులకు అందించాయి. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని 2006లో పెద్ద వర్తక సంస్థలు ఒప్పందానికి వచ్చాయి. నిబంధనలు పాటించని వారికి 2008 నుంచి బ్యాంకు అప్పులు బిగించారు.

సోయా ధర పడిపోవడమే ఇందుకు కారణమనే వాదన వుంది. 2005-06లో మందకొడి ధర కొంత తోడ్పడిన మాట నిజమే. కాని 2007-08లో ధర ఎగసినా నరికివేత పాత స్థాయికి పోలేదు. కనుక యావత్తు ఘనతను ధరకే కట్టబెట్టలేము.

2019 నుంచి తనిఖీలు సడలాయి. 2012 నాటి అటవీ చట్టం రద్దు కాలేదు, అమలే మారింది. 2021లో నరికివేత 13,038 చదరపు కిలోమీటర్లకు ఎగబాకింది. 2023లో తనిఖీలు మళ్లీ ముమ్మరం కాగా, 2024లో అది 7,000 లోపునకు దిగింది.

వర్తకులకు ఇందులో నష్టభయం లేకపోలేదు. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన సోయా, పామాయిలు, కాఫీ, కోకో, రబ్బరు వగైరాలను రానివ్వరాదని యూరపు సమాజం 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాలు పడినా చట్టం పోలేదు. మరోవైపు 2006 నాటి ఒప్పందం పోటీకి విరుద్ధమేమోనని బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థ 2025లో విచారణ ప్రారంభించింది.

కాఫీ కూడా జాబితాలో వున్నందున, యూరపుకు సరుకు పంపే అరకు వర్తకులు ఏ తోట సరుకు ఏ నేలదో చూపే కాగితాలు ఇప్పటినుంచే భద్రపరచుకోవడం మంచిది. సరుకు నాణ్యత ఎంత బాగున్నా, పండిన నేలకు రుజువు లేకపోతే రేవులో నిలిచిపోయే ప్రమాదం వున్నది.