చుక్క కారకుండానే ట్రాక్టర్ ఎందుకు ఆగిపోతుంది?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పొలాల్లో పత్తికీ మిరపకీ దుక్కి దున్నే పాత ట్రాక్టర్లకు ఒక జబ్బుంది. ట్యాంకులో డీజిల్ ఉంటుంది, బయట చుక్కైనా కారదు. అయినా స్టార్టయిన కాసేపటికే ఇంజన్ ఆగిపోతుంది. ఎందుకు?

ఫీడ్ పంపు ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి, ఫిల్టర్ల గుండా ఇంజెక్షన్ పంపుకు నెడుతుంది. అక్కడి నుంచి అది ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు చేరుతుంది. లాగే వైపు పైపు సన్నగా పగిలితే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే! పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు. డీజిల్‌ను నొక్కితే ఒత్తిడి వెంటనే పెరుగుతుంది. గాలి బుడగ మాత్రం తానే నలిగిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. అందుకే మెకానిక్ పగులు సరిచేశాక ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి, బుడగలన్నీ పోయేదాకా ఫీడ్ పంపు మీది చేతిపంపు కొడతాడు.

నెట్టే వైపు లీకైతే తడి కనిపిస్తుంది. కానీ దానిమీద దుమ్ము పేరుకుని అసలు చోటు తెలియదు. కాబట్టి ముందు శుభ్రంగా తుడిచి, ఇంజన్ నడిపి, మొదట ఎక్కడ తడుస్తుందో చూడాలి. చాలాసార్లు తప్పు పైపు అతుకులో నలిగిపోయిన రాగి వాషర్‌ది. కొత్తది వేయడమే మేలు.

కొన్ని ఫీడ్ పంపుల్లో డయాఫ్రం అనే పల్చటి పొర చిరిగితే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగిందా? ఇంజన్ నడపొద్దు, బేరింగులు అరిగిపోతాయి.

నాజిల్ పైపు లీకును మాత్రం ఎప్పుడూ వేలితో తడమకండి. అక్కడ చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.