పలకని అక్షరాన్ని ఎందుకు రాయాలి?



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని, తరువాత అసలు విషయంలోకి వస్తాను.

ఆ సోమవారం సాయంత్రం స్టడీ అవర్‌లో నేను లీడర్‌ని. ఆరో తరగతి వాళ్ల డిక్టేషన్ నోట్సులు దిద్దుతున్నాను. ఒక తమ్ముడికి పదికి రెండు వచ్చాయి. 'నైఫ్' అనే మాటకి ఎన్-ఐ-ఎఫ్ అని రాశాడు. 'రైట్' అంటే వ్రాయుట అనే మాటకి ఆర్-ఐ-టి అని రాశాడు. నేను ఆ నోట్సు పైకెత్తి అందరికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాడు ఏడవలేదు. నిలబడి ఒక్క మాట అడిగాడు. "ఏటన్నా, నోటితో అననప్పుడు చేత్తో ఎందుకు రాయాల?"

నాకు జవాబు రాలేదు. "ఎదురు మాట్లాడకు, పదిసార్లు రాయి" అన్నాను. జవాబు తెలియనివాడు చేసే పని అదే కదా!

సంత రోజున వాళ్ల నాన్న హాస్టల్‌కి వచ్చాడు. వీడు ట్రంకుపెట్టె సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "నాకు చదువు రాదు, ఇంటికి పోతాను" అన్నాడు. వార్డెన్ సారు నచ్చచెప్పి ఆదివారం దాకా ఉండమన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు సవర గూడెం నుంచి వచ్చాడు. ఇంట్లో సవర, బడిలో తెలుగు, దాని మీద ఇంగ్లీషు. మా ఇంట్లో తెలుగే, అయినా నాకే కష్టంగా ఉంది. వాడికి ఇంకెంత?

మర్నాడు వాడి ప్రశ్నే తీసుకుని ఇంగ్లీషు సారు దగ్గరికి వెళ్లాను. సారు తిట్టలేదు. బీరువాలోంచి లావుపాటి నిఘంటువు తీసి, ప్రతి మాట పక్కనా చిన్న అక్షరాల్లో ఉండే ఆ మాట పుట్టుక చూపించారు. నాలుగు రోజులు సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్పారు. నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఇరుకు చొక్కా

ఇంగ్లీషుకి సొంత అక్షరాలు లేవు. పూర్వం ఇంగ్లండులో రూన్‌లు అనే గీతల్లాంటి అక్షరాలు ఉండేవి. 597లో రోము నగరం నుంచి క్రైస్తవ మత బోధకులు ఇంగ్లండులోని కెంట్‌కి వచ్చారు. లాటిన్ అక్షరాలతో ఇంగ్లీషు రాయడం వాళ్ల రాక తరువాత అలవాటైంది. లాటిన్‌కి ఉన్నవి 23 అక్షరాలు. ఇంగ్లీషు వాళ్ల నోట్లో అంతకంటే ఎక్కువ శబ్దాలున్నాయి. 'థింక్' అనే మాట మొదట్లో వచ్చే శబ్దానికి లాటిన్‌లో అక్షరమే లేదు. అందుకని పాత రూన్‌ల నుంచి 'థార్న్' అనే అక్షరం అరువు తెచ్చుకున్నారు. థార్న్ అంటే ముల్లు. తరువాతి కాలంలో అది పోయి టి, హెచ్ కలిపి రాయడం వచ్చింది.

ఇప్పుడు ఇంగ్లీషులో 26 అక్షరాలు, సుమారు 44 శబ్దాలు ఉన్నాయి. అన్న చొక్కా తమ్ముడికి వదులవుతుంది, తమ్ముడి చొక్కా అన్నకి ఇరుకవుతుంది. ఇంగ్లీషు ఇరుకు చొక్కా తొడుక్కుంది. సగం చిక్కులు అక్కడే పుట్టాయి.

ఆ 'కె' ఒకప్పుడు బతికే ఉంది

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. నైఫ్‌లో కె ఊరికే పెట్టింది కాదు. పూర్వం వాళ్లు నిజంగానే 'క్నీఫ్' అని పలికేవారు. మోకాలిని 'క్నీ' అనేవారు. వ్రాయుట అనే మాటలో డబ్ల్యు కూడా పలికేది. 'నైట్' అంటే రాత్రి అనే మాటలో జి-హెచ్ దగ్గర గొంతులోంచి గరగరమనే శబ్దం వచ్చేది, దగ్గరదగ్గర 'నిఖ్ట్' అన్నట్టు. అంటే అప్పుడు పలికినట్టే రాశారు. సుమారు 1700 నాటికి నైఫ్‌లాంటి మాటల్లో కె నోట్లోంచి జారిపోయింది. కాగితం మీద మాత్రం మిగిలిపోయింది.

జి-హెచ్ కథ ఇంకా చిత్రం. ఆ గరగర శబ్దం కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నింట్లో 'ఫ్' అయింది. అందుకే ఓ-యు-జి-హెచ్ అనే ఒకే నాలుగు అక్షరాలని త్రూ, దో, టఫ్, కాఫ్, బౌ అని అయిదు రకాలుగా చదవాలి. చివర టి వస్తే 'థాట్' ఆరో రకం.

ఫ్రెంచి లేఖకులు

1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి విలియం వచ్చి ఇంగ్లండుని గెలిచాడు. ఆ తరువాత ఫ్రెంచి పద్ధతి నేర్చిన లేఖకులు ఇంగ్లీషు రాయసాగారు. రాణి అనే మాటని అంతకుముందు సి-డబ్ల్యు-ఇ-ఎన్ అని రాసేవారు. వీళ్లు క్యూ-యు తెచ్చి 'క్వీన్' చేశారు. ఇల్లు అనే మాటకి హెచ్-యు-ఎస్ సరిపోయేది. మధ్యలో ఓ పెట్టారు.

ఇంకొకటి చూడండి. 'సన్' అంటే కొడుకు, 'లవ్' అంటే ప్రేమ, 'కమ్' అంటే రా. వీటిలో ఓ ఎందుకుంది? ఆ కాలపు చేతిరాతలో యు, ఎన్, ఎం, వి అన్నీ నిలబెట్టిన పుల్లల వరసలా ఉండేవి. పక్కపక్కన వస్తే ఏది ఏదో తెలిసేది కాదు. అందుకని యు బదులు ఓ రాశారు. మన గోడపత్రికకి రాతలు రాసేవాళ్లకి ఈ బాధ బాగా అర్థమవుతుంది!

అచ్చు యంత్రం ముందు, నోరు తరువాత

1476లో విలియం కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో మొదటి అచ్చు యంత్రం పెట్టాడు. ఆయన చాలా ఏళ్లు బ్రూజ్ నగరంలో (ఇప్పటి బెల్జియం) ఉండి వచ్చినవాడు. అక్కడి ఫ్లెమిష్ అలవాటు ప్రకారమే దెయ్యం అనే 'ఘోస్ట్' మాటలో హెచ్ దూరింది.

అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడసాగాయి. కానీ సరిగ్గా ఆ కాలంలోనే, అంటే సుమారు 1400 నుంచి 1700 లోపల, ఇంగ్లీషు వాళ్ల దీర్ఘాచ్చులన్నీ మారిపోయాయి. 'నేమ్' అనే మాటని అంతకుముందు 'నామ' అన్నట్టు పలికేవారు. (మన 'నామం'కి అది దూరపు చుట్టమే!) 'టైం' అప్పుడు 'టీమ', 'హౌస్' అప్పుడు 'హూస్'. నోరు మారింది, కాగితం మారలేదు. ఒకటో తరగతిలో తీయించుకున్న ఫోటోని పదో తరగతి హాల్ టిక్కెట్ మీద అంటించినట్టు అన్నమాట. ఫోటో అబద్ధం కాదు, పాతది. అంతే.

పండితుల పొరపాట్లు

1500ల తరువాత పండితులు కూడా ఒక చెయ్యి వేశారు. అప్పు అనే 'డెట్' మాటలో అంతకుముందు బి లేదు. లాటిన్‌లో 'డెబిటుం' అని ఉంది కాబట్టి బి ఉండాలని చేర్చారు. ఆ బి ఏనాడూ ఎవరూ పలకలేదు. దానిని పలకాల్సిందేనని పట్టుబట్టే బడిపంతులు పాత్రని షేక్‌స్పియర్ ఒక నాటకంలో పెట్టి నవ్వించాడు. రసీదు అనే 'రిసీట్'లో పి కూడా అలాంటిదే. దాని తోబుట్టువు 'డిసీట్' అంటే మోసం. దానికి మాత్రం పి పెట్టడం మరిచిపోయారు!

అన్నిటికంటే పెద్ద పొరపాటు 'ఐలాండ్'. అది అచ్చమైన ఇంగ్లీషు మాట, అందులో ఎస్ లేదు. లాటిన్ 'ఇన్సులా' నుంచి వచ్చిందని భ్రమపడి ఎస్ చేర్చారు. అంటే ఆ తమ్ముడు ఎస్ లేకుండా రాస్తే మనం తప్పు అంటాం గాని, మొదట తప్పు చేసింది పండితులే.

అసలు స్పెల్లింగు తప్పు పోవడం సిగ్గుపడాల్సిన పని అనే మాట పూర్వం లేదు. 1616లో చనిపోయిన షేక్‌స్పియర్ చేసిన సంతకాలు ఆరు మిగిలాయి. ఆరూ ఒకేలా లేవు. మన పరీక్ష హాల్లోకి ఆయన్ని రానిచ్చేవారా? 1755లో శామ్యూల్ జాన్సన్ సుమారు 42 వేల మాటలతో నిఘంటువు అచ్చు వేశాక, ఒక మాటకి ఒకే స్పెల్లింగు అనే పట్టు బాగా బిగిసింది.

మార్చలేరా?

ప్రయత్నించారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువులో 'కలర్' లాంటి మాటల్లో యు తీసేశాడు. అది అక్కడ నిలిచింది. మన పుస్తకాల్లో యు ఉన్నదే రాస్తాం. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలు సులువుగా అచ్చు వేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అందరూ ఎగతాళి చేశారు, పార్లమెంటు ఒప్పుకోలేదు, వెనక్కి తీసుకున్నాడు.

అయినా పలకని అక్షరాలన్నీ దండగ కాదని సారు చెప్పారు. రెండు అనే 'టు' మాటలో డబ్ల్యు పలకదు. కానీ ట్విన్, ట్వెల్వ్, ట్వెంటీ చూడండి, అన్నింట్లో రెండే ఉంది, డబ్ల్యు పలుకుతోంది. 'సైన్'లో జి పలకదు, 'సిగ్నేచర్'లో పలుకుతుంది. 'బాంబ్' చివర బి పలకదు, 'బంబార్డ్'లో పలుకుతుంది. ఇంటిపేరులాగ ఆ అక్షరం చుట్టరికం చెబుతుంది.

ఒక పాత తమాషా కూడా ఉంది. జి-హెచ్-ఓ-టి-ఐ అని రాసి 'ఫిష్' అని చదవొచ్చట. 'రఫ్'లోని జి-హెచ్, 'విమెన్'లోని ఓ, 'నేషన్'లోని టి-ఐ తీసుకుంటే అంతే కదా! దీన్ని బెర్నార్డ్ షా చెప్పాడంటారు గాని, ఆయన పుట్టడానికి ముందే 1855 నాటి ఒక ఉత్తరంలో ఉంది. కానీ జి-హెచ్ మాట మొదట్లో ఎప్పుడూ 'ఫ్' కాదు, టి-ఐ మాట చివర ఎప్పుడూ 'ష్' కాదు. అంటే ఇంగ్లీషుకి కూడా కట్టుబాట్లు ఉన్నాయి.

మన సంగతి

తెలుగులో రాసినట్టే చదువుతాం అని మనకి గర్వం. మరి 'బ్రహ్మ' అని రాసి 'బ్రమ్హ' అంటాం. 'చిహ్నం' అని రాసి 'చిన్హం' అంటాం. చాపలో చ, చిలకలో చ ఒక్కటేనా? పలికి చూడండి.

శనివారం నేను ఇదంతా ఆ తమ్ముడికి చెప్పాను. ముందు క్షమాపణ చెప్పాను. వాడు అంతా విని, "అన్నా, మా సవర మాటలో గొంతు దగ్గర టక్కున ఆగిపోయే శబ్దం ఉంది. దానికి తెలుగులో అక్షరం ఏటి?" అన్నాడు. మళ్లీ జవాబు రాలేదు! సారుని అడిగితే గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్పారు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. అక్షరం లేని శబ్దాలకి గుర్తులు వెతుక్కుని రాశారు. ఆరో తరగతి పిల్లవాడు అడిగింది అంత పెద్ద ప్రశ్న. వాడినా నేను పదికి రెండు అని నవ్వింది!

ఆదివారం వాడు ఇంటికి వెళ్లలేదు. పోయిన డిక్టేషన్‌లో పదికి అయిదు వచ్చాయి. నైఫ్‌కి కె రాశాడు.

పరీక్షలో స్పెల్లింగు తప్పు పోతే మార్కు పోతుంది, అది నేను కాదనను. నేర్చుకోవాల్సిందే. కానీ తప్పు రాసినవాడు మొద్దు కాదు, విన్నది విన్నట్టు రాసినవాడు. అందుకని వార్డెన్ సారుకీ, లీడర్లకీ నా మనవి. తప్పు పోయిన మాటని పదిసార్లు రాయించే బదులు, మూడుసార్లు రాయించి దాని కథ ఒకటి చెప్పించండి. ఈ గోడపత్రిక కింది మూలలో వారానికి అయిదు మాటల కథలు నేను రాస్తాను.

ఈ వారం ప్రశ్న: 'వెన్స్‌డే'లో మొదటి డి ఎందుకుంది? (జవాబు: ఆ రోజు వోడెన్ అనే పాత దేవుడి పేరు మీద వచ్చింది. డి ఆయనది. తీసేస్తే దేవుడికి కోపం వస్తుంది!)

తప్పులుంటే చెప్పండి, నవ్వకండి.

ఇట్లు,
మీ పదో తరగతి స్టడీ అవర్ లీడర్