చుక్క చాటున మాటలు

దస్తావేజులను పెట్టెలో భద్రపరచడం మన పెద్దలనాటి అలవాటు. కంప్యూటరు వచ్చిన తరువాత ఉత్తరాలకు, ఫోటోలకు నకలు తీసి ఉంచుకునే వారూ చాలామందే. కాని నకలు తీయవలసినది మరొకటి ఉన్నదని నాకు నష్టపోయిన తరువాతగాని తెలియలేదు.

నేను బెంగుళూరులో ఒక కార్యాలయపు గుమాస్తాను. పగలంతా కన్నడం, ఇంగ్లీషు. రాత్రిపూట మన సంఘానికి తెలుగు టైపు. లిబ్రెఆఫీసులో జేజి, ఊరిబిండి, అనపగింజలు వంటి మన ఇంటి మాటలు కొట్టగానే వాటి క్రింద ఎఱ్ఱగీత పడేది. అది తప్పు కాదని చెప్పి ఒక్కొక్కటే దాని నిఘంటువులో చేర్చుతూ వచ్చాను. మా జేజి నోట క్రొత్త మాట వింటే, వ్యాసంలో అవసరం లేకున్నా చేర్చేవాడిని. నాలుగేండ్లలో తొమ్మిదివందలు దాటినవి. జేజి పోయిన మరుసటి సంవత్సరం డిస్కు చెడినది. వ్యాసాలన్నిటికీ నకలున్నది, మాటల పట్టీకి లేదు.

లినక్సులో ఆ పట్టీ ‘.కాన్ఫిగ్’ అనే ఫోల్డరు లోపల ఉంటుంది. పేరుకు ముందు చుక్క ఉన్నది మామూలు జాబితాలో కనబడదు. యునిక్సు తొలినాళ్ళలో ‘.’, ‘..’ అనే రెండు పేర్లను దాచబోయి, మొదటి అక్షరం చుక్క అయితే చాలు దాటిపొమ్మని వ్రాశారట. బెల్ లేబరేటరీలో పనిచేసిన రాబ్ పైక్ 2012 లో ఈ సంగతి చెప్పారు. తొందరలో చేసిన పని ఆచారమైపోయినది. కీబోర్డు అమరికలు, మన అలవాట్లు అన్నీ నేడు ఆ చుక్క చాటుననే ఉన్నవి.

ఇంట్లో ఒక యంత్రం, సంఘంలో ఒకటి. మొదట పెన్‌డ్రైవుతో పట్టీని మోసేవాడిని. ఒకసారి పాతదానిని క్రొత్తదానిమీద వేసి, సంఘంలో చేర్చిన మాటలన్నీ తుడిచిపెట్టుకొన్నాను. అప్పుడు మా అబ్బాయి గిట్ నేర్పినాడు. 2005 లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సు పనికోసం వ్రాసిన సాధనమిది. మంచి గుమాస్తా పద్దుపుస్తకం వంటిది: కొట్టివేసిన పద్దు కూడా చదవవచ్చును. రెండు చోట్ల చేసిన మార్పులు ఢీకొంటే ఆగి చూపుతుంది. ఏది ఉంచవలెనో మనం చెప్పవలెను.

పద్ధతి సులభం. అసలు ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డరులో ఉంచి, దానిని గిట్‌కు అప్పగించాలి. ప్రోగ్రాము వెదకే చోట దానికి లంకె మాత్రం పెట్టాలి. గ్నూ స్టో అనే సాధనం ఈ లంకెలు వేసిపెడుతుంది. ప్రింటరు వంటి ఆ యంత్రానికే చెందిన ఏర్పాట్లు వేరుగా ఉంచాలి. పాస్‌వర్డులు మాత్రం ఎన్నడూ అందులో వేయరాదు. తరువాత తీసివేసినా పాత పద్దులో మిగిలే ఉంటవి.

వ్యాసాలు వెదకి, అమ్మను, పిన్నిని అడిగి, ఆరువందల మాటలు మళ్ళీ కూర్చినాను. మిగిలినవి చెప్పగలిగినది జేజి ఒక్కతే. అందుచేత సోదరులకు మనవి: లినక్సు వాడేవారు ఈ రాత్రే ఫైళ్ళ కిటికీలో కంట్రోలు, హెచ్ మీటలు కలిపి నొక్కి, చుక్క చాటున ఏమున్నదో ఒకసారి చూచుకొనండి.